‘బలవంతంగా సంతకం పెట్టించారు’: ఇంగ్లీషులో ఏ మాట రాయాలి?

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు. మాది తూర్పు గోదావరి జిల్లా. నాన్నగారు పోయిన మూడు నెలలకు, అంటే ఇప్పటికి 14 నెలల క్రితం, పొలంలో నా వాటా వదులుకుంటున్నట్టు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టాను. పెట్టాను అనడం కన్నా పెట్టించారు అనాలి. అన్నయ్య, వదిన చీర, పసుపు కుంకుమలు పట్టుకుని వారం రోజులు మా ఇంటి చుట్టూ తిరిగారు. పుట్టింటి గడప మళ్ళీ తొక్కాలని ఉందా లేదా అన్నారు. అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. సంతకం పెట్టకపోతే నూతిలో దూకుతానంది. నాన్న మంచాన పడ్డప్పటి నుంచి పొలం లెక్కలు, నా పేరున ఉన్న కాస్త డబ్బు లెక్కలు కూడా అన్నయ్యే చూసేవాడు. ఇప్పుడు వకీలుగారు జరిగినదంతా ఇంగ్లీషులో రాసి ఇమ్మన్నారు. నేను బి.ఏ. చదివాను. నా కథ నేనే రాసుకోవాలని ఉంది. ‘ఫోర్స్డ్’ అని రాస్తే, అది కొట్టినట్టు ఉంటుంది, ‘ఎమోషనల్ బ్లాక్‌మెయిల్’ అని రాయమంటుంది మా అమ్మాయి. అల్లుడు ‘ప్రెషరైజ్డ్’ అంటాడు. అమెరికాలో ఉన్న అబ్బాయి ‘కోయర్స్డ్’ అని దిద్ది పంపాడు. మనకు బలవంతం అన్న ఒక్క మాట ఉంటే ఆ భాషలో ఇన్ని మాటలేమిటి? పైగా అమ్మ గురించి అంత పెద్ద మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం ఒకటి ఉంది. ‘పెట్టాను అనడం కన్నా పెట్టించారు అనాలి.’ మీ మొత్తం ఫిర్యాదు ఆ ఒక్క ప్రత్యయంలో ఉంది. పెట్టు, పెట్టించు. ఈ ‘ఇంచు’ మన భాషకున్న గొప్ప వసతి. అమ్మ పాపకు అన్నం తినిపిస్తుంది, ఇంటివాడు మేస్త్రీతో గోడ కట్టిస్తాడు, పెళ్ళిపెద్ద ఇరువైపులవారినీ ఒప్పిస్తాడు, పోకిరీ పిల్లవాడు చెల్లెల్ని ఏడిపిస్తాడు. అన్నిటికీ అదే ప్రత్యయం. చేసింది ఒకరు, చేయించింది ఇంకొకరు అని మాత్రమే అది చెబుతుంది. ప్రేమతో చేయించారా, కూలి ఇచ్చి చేయించారా, మెడలు వంచి చేయించారా అన్నది చెప్పదు. వినేవారు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటారు.

ఇంగ్లీషులో ఆ ఒక్క ప్రత్యయం పనిని చిన్న చిన్న మాటలు పంచుకుంటాయి. పని చెప్పో, డబ్బిచ్చో చేయిస్తే ‘హావ్’. కొంత ప్రయాసపడి, నచ్చజెప్పి చేయిస్తే ‘గెట్’. అవతలివారికి ఇష్టం లేకపోయినా చేయిస్తే ‘మేక్’. అడ్డు చెప్పకుండా చేయనిస్తే ‘లెట్’. వీటిలో మీకు కావలసింది ‘మేక్’. మీ కాగితంలో మొదటి వాక్యం ఆ మాటతోనే రాయండి: ‘దే మేడ్ మి సైన్’. ఎంతో మంది దీన్ని చిన్నపిల్లల మాట అనుకుని వదిలేస్తారు. నా దృష్టిలో మీరు చెప్పదలచుకున్న ‘పెట్టించారు’కు ఇంతకన్నా నిజాయితీ గల మాట ఆ భాషలో లేదు. ఏ సాధనంతో పెట్టించారో అది ఇంకా చెప్పడం లేదు, నా ఇష్టం మాత్రం కాదని చెబుతోంది. సాధనం ఏమిటో తరువాతి వాక్యాలు చెబుతాయి. ఒక్క జాగ్రత్త: ‘మేడ్’ తరువాత ‘సైన్’ అని వట్టి క్రియ రావాలి, ‘టు’ రాకూడదు. వాక్యం తిరగేసి ‘నా చేత పెట్టించబడింది’ అన్న ధోరణిలో రాస్తే మాత్రం ‘టు’ వచ్చి తీరాలి: ‘ఐ వాజ్ మేడ్ టు సైన్’.

ఇక మనకు బలవంతం అన్న ఒక్క మాటే ఉందన్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. ఒత్తిడి ఉంది, నిర్బంధం ఉంది, దౌర్జన్యం, జులుం, జబర్దస్తీ ఉన్నాయి. బెదిరించడం వేరు, వేధించడం వేరు, పీకల మీద కూర్చోవడం వేరు. మెత్తని వైపు చూస్తే బతిమాలడం, బుజ్జగించడం, నచ్చజెప్పడం, ఉబ్బించడం ఉన్నాయి. పోరు పెట్టడం అన్న మాటలో ఎన్ని ఇళ్ళ కథలున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒట్టు వేయించుకోవడం, అలిగి పడుకోవడం, మంకుపట్టు పట్టడం కూడా ఎదుటివారి చేత పని చేయించుకునే పద్ధతులే. మాటలకు కరువు లేదు. ఇబ్బంది ఎక్కడంటే, కాగితం మీదికి వచ్చేసరికి వీటన్నిటినీ పక్కన పెట్టి ‘బలవంతంగా’ అని ఒక్క మాట రాసేస్తాం. దస్తావేజు తెలుగు మనకు ఆ అలవాటు నేర్పింది. ఇంగ్లీషు రాయడానికి ముందు మీరు వదులుకోవలసింది ఆ అలవాటే.

ఆ భాషలో ఇన్ని మాటలు ఎందుకో కొంత చెబుతాను. లాటిను నుంచి వచ్చిన మాటల మూలాలు చూస్తే, మనుషుల మీద ఒత్తిడికి పెట్టిన పేర్లలో చాలా వరకు పశువుల దొడ్డినీ పలుపుతాళ్ళనూ గుర్తు చేస్తాయి. ‘కంపెల్’ అంటే మూలంలో కలిపి తోలడం. ‘కోయర్స్’ అంటే చుట్టూ మూసి నిలపడం, బందెలదొడ్డిలో పెట్టినట్టు. ‘అబ్లైజ్’ అంటే కట్టివేయడం, మన ‘నిర్బంధం’లో ఉన్న బంధమే. ‘ఎక్స్‌టార్ట్’ అంటే మెలితిప్పి లాగడం. ఒక్క ‘పర్‌స్వేడ్’ మాత్రం వేరే వంశం. దాని మూలానికి తీపితో చుట్టరికం ఉంది, సంస్కృతంలోని ‘స్వాదు’ కూడా ఆ కుదురుదే. తీయగా చెప్పి ఒప్పించడం అన్నమాట. తోలడం, మూయడం, కట్టడం, మెలితిప్పడం, తీపి పెట్టడం: మీ అన్నయ్య చేసిన పని వీటిలో ఏది అని ఒక్కసారి ఆలోచించండి. నిఘంటువు ఇచ్చే అర్థం కన్నా ఇది త్వరగా దారి చూపిస్తుంది.

మరికొన్ని మాటలు చరిత్రలో ఎవరో ఒకరు పడ్డ బాధ నుంచి పుట్టాయి. ఫ్రాన్సులో 14వ లూయీ రాజు 1681 నుంచి ప్రొటెస్టెంటుల ఇళ్ళలో డ్రాగూన్ సైనికులను దింపి, మతం మార్చుకునే దాకా ఆ సైనికుల తిండీ తిప్పలూ ఆ ఇంటివాళ్ళ మీద రుద్దాడు. ఇంగ్లీషులో ‘డ్రాగూన్’ బలవంతాన చేయించడం అన్న అర్థంలో క్రియ అయిపోయింది. అమెరికాలో 1876 ఎన్నికల సమయాన లూసియానా ప్రాంతంలో నల్లజాతివారు ఓటు వేయకుండా కొరడాలతో కొట్టి బెదిరించడానికి ‘బుల్‌డోజ్’ అన్నారు. మట్టి తోసే యంత్రానికి ఆ పేరు తరువాత వచ్చింది. ‘బ్లాక్‌మెయిల్’లో ఉన్న మెయిలు ఉత్తరం కాదు, శిస్తు. స్కాట్లండు సరిహద్దులో 16వ శతాబ్దంలో బందిపోటు నాయకులు, నీ పశువులను తోలుకుపోకుండా ఉండాలంటే ఇంత కట్టు అని రైతుల దగ్గర వసూలు చేసిన కప్పం అది. మన దగ్గర నుంచి కూడా ఆ భాష ఒకటి తీసుకుంది: ధర్నా. బాకీ పడ్డవాడి గుమ్మం ముందు అప్పిచ్చినవాడు తిండి మానేసి కూర్చోవడం పాత పద్ధతి. 1860 నాటి శిక్షాస్మృతి 508వ సెక్షనులో, ఇలా కూర్చుని ఎదుటివాడికి దైవకోపం తగులుతుందని నమ్మించే మనిషిని ఉదాహరణగా చూపారు. తిండి మానేయడం ఎంత బలమైన ఆయుధమో ఆ చట్టం రాసినవారికి తెలుసు. మీకూ తెలుసు.

మీ ఇంట్లో నలుగురూ చెప్పిన నాలుగు మాటల సంగతి చూద్దాం.

‘ఫోర్స్’ తప్పు కాదు. మీ అమ్మాయి చెప్పినట్టు చెయ్యి చేసుకుంటేనే ఫోర్స్ అని నియమమేమీ లేదు, వేరే దారి లేకుండా చేస్తే చాలు. కానీ మన నోట ఈ మాట బాగా అరిగిపోయింది. విందులో ఇంకో లడ్డు వడ్డించబోతే ‘ఫోర్స్ చేయకండి’ అంటాం. పక్కింటి పెళ్ళికి ‘కంపల్సరీగా’ రమ్మంటాం. ఫోను చేయని కొడుకు ‘టార్చర్’ పెడుతున్నాడంటాం. తెలుగులోకి వచ్చి పలచబడిన ఈ మాటలు ఇంగ్లీషు కాగితం మీద తిరిగి పూర్తి బరువుతో కూర్చుంటాయి. లడ్డు విషయంలో ఇంగ్లీషువారు వాడేది ‘ఇన్‌సిస్ట్’. అది కూడా మనవాళ్ళు రాసినట్టు ‘ఇన్‌సిస్టెడ్ మి’ అని మనిషిని నేరుగా వెంట పెట్టుకోదు. ‘ఆన్’ వేయాలి, లేదా ‘దట్’ వేసి వాక్యం నడపాలి. మీ వదిన చీర తెచ్చి వారం రోజులు తిరిగిన భాగానికి ఈ ‘ఇన్‌సిస్ట్’ గానీ, మాటిమాటికీ అడిగారని చెప్పే మామూలు మాటలు గానీ సరిపోతాయి. అక్కడ పెద్ద మాట పెడితే, అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. చీర తేవడం బలవంతమా అని అడుగుతాడు.

అల్లుడుగారి ‘ప్రెషరైజ్’ మన దేశంలోనూ బ్రిటనులోనూ మనుషుల విషయంలో చెల్లుతుంది. అమెరికాలో ఆ మాట విమానం లోపలి గాలికి వాడతారు, మనుషులకైతే ‘ప్రెషర్’నే క్రియగా వాడతారు. మీ కాగితం ఇక్కడి కోర్టుకు వెళ్ళేది కాబట్టి ఏదైనా పరవాలేదు. పుట్టింటి గడప తొక్కాలని ఉందా అన్న మాటకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ప్రెషర్, కోయర్స్, బుల్లీ లాంటి మాటల తరువాత ‘ఇంటు సైనింగ్’ అని రాయడం ఆ భాష నడక. కంపెల్, ఫోర్స్, అబ్లైజ్ అయితే ‘టు సైన్’. ‘టాక్’ వంటి మామూలు మాటకు కూడా ‘ఇంటు’ చేరిస్తే, మాటలతో దించారు అన్న అర్థం వస్తుంది. మనిషిని మెల్లగా ఒక గోతిలోకి నడిపించినట్టు ఉంటుంది ఆ ‘ఇంటు’.

‘ఎమోషనల్ బ్లాక్‌మెయిల్’ ఫోనులో మాట్లాడుకోవడానికి బాగుంటుంది. కాగితంలో వద్దు. అది జరిగినదాన్ని చెప్పదు, జరిగినదానికి ఒక బిళ్ళ తగిలిస్తుంది.

అబ్బాయి దిద్దిన ‘కోయర్స్డ్’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అది ఇక్కడ మామూలు ఇంగ్లీషు మాట కాదు, 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో నిర్వచనం ఉన్న మాట. 15వ సెక్షను ప్రకారం కోయర్షన్ అంటే శిక్షాస్మృతి నిషేధించిన పని చేయడం, చేస్తానని బెదిరించడం, లేదా ఒకరి ఆస్తిని అక్రమంగా పట్టి ఉంచడం, ఉంచుతానని బెదిరించడం. అదీ ఒప్పందానికి ఒప్పించే ఉద్దేశంతో. దాని పక్కనే 16వ సెక్షనులో ‘అన్‌డ్యూ ఇన్‌ఫ్లుయన్స్’ ఉంది. అక్కడ బెదిరింపుతో పని లేదు. ఇద్దరి మధ్య ఉన్న సంబంధం వల్ల ఒకరి ఇష్టాయిష్టాలను శాసించగల స్థితిలో ఇంకొకరు ఉండి, ఆ స్థితిని అన్యాయమైన లాభానికి వాడుకోవడం. ఒకటి భయంతో చేయించడం, ఇంకొకటి చనువుతో, నమ్మకంతో, పెద్దరికంతో చేయించడం. తెలుగులో రెండింటినీ మనం బలవంతం అనే అంటాం. సుప్రీంకోర్టు 1951లో బిషున్‌దేవ్ నారాయణ్ కేసులో ఈ రెండూ వేరు వేరని, వేటికవి విడిగా, వివరాలతో చెప్పాలని స్పష్టం చేసింది. ఎంత గట్టి భాషలో రాసినా వివరాలు లేని ఆరోపణ లెక్కలోకి రాదన్నది. అందుకే మీ అబ్బాయికి చెప్పండి, అతను దిద్దినది మీ వాక్యాన్ని కాదు, వకీలు పనిని.

మద్రాసు హైకోర్టులో మన తెలుగు పేర్లతోనే ఒక పాత కేసు ఉంది. న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలిసినదే. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ. 1917 నాటి తీర్పు. ఒక భర్త తన సోదరుడి పేర ఆస్తి హక్కు వదులుతూ విడుదల పత్రం రాసివ్వమని భార్యనూ కొడుకునూ అడిగాడు, రాయకపోతే చచ్చిపోతానన్నాడు. వాళ్ళు రాసిచ్చారు. ఆత్మహత్య చేసుకుంటానన్న బెదిరింపు కోయర్షన్ అవుతుందా? ఇద్దరు న్యాయమూర్తులు అవునన్నారు, ఒకరు కాదన్నారు. ఎక్కువమంది మాట నిలిచింది. ఇంతకన్నా మీ నూతి మాటకు దగ్గరైన కేసు నాకు కనబడదు. అయితే అప్పుడు ఆత్మహత్యా ప్రయత్నం శిక్షాస్మృతిలో నేరం. 2024 జూలై నుంచి అమలులో ఉన్న కొత్త న్యాయసంహితలో ఆ పాత సెక్షను లేదు. కాబట్టి ఆ తీర్పును ఇప్పుడు ఎలా వాడుకోవాలో మీ వకీలుగారు తేల్చవలసిన సంగతి. మీరు చేయవలసిందల్లా అమ్మగారు ఆ మాట ఏ రోజు, ఎవరి ఎదుట, ఏ మాటల్లో అన్నారో రాయడం.

దానికీ ముందు, 1889లో రంగనాయకమ్మ కేసు. పదమూడేళ్ళ పిల్ల. భర్త చనిపోయాడు. ఫలానా పిల్లవాణ్ణి దత్తత తీసుకుంటానని ఒప్పుకునే దాకా శవాన్ని ఇంట్లోంచి కదలనివ్వలేదు బంధువులు. ఆమె ఒప్పుకుంది. ఆ దత్తత చెల్లదన్నది కోర్టు. ఈ కేసు తలచుకున్నప్పుడల్లా ఆ గదిలో ఆమె ఎదుట వాడిన మాటలు ఏమై ఉంటాయా అనిపిస్తుంది నాకు. గట్టిగా ఎవరూ అరిచి ఉండకపోవచ్చు. ‘ఊ’ అను తల్లీ అని బుజ్జగించినవారే ఎక్కువ ఉండవచ్చు. మాట ఎంత మెత్తగా ఉన్నా, గదిలో శవం ఉంది. మీరు సంతకం పెట్టేనాటికి మీ నాన్నగారు పోయి మూడు నెలలు. అది కూడా మీ కాగితంలో ఉండాలి, మొదటి పేరాలోనే. పదహారో సెక్షను మనోవ్యథను, శారీరక బాధను కూడా గుర్తిస్తుంది.

మీరు ఉత్తరం మధ్యలో అలవోకగా రాసిన వాక్యం, లెక్కలన్నీ అన్నయ్యే చూసేవాడన్నది, బహుశా మీ కాగితంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన ఒకరు ఇంకొకరిని శాసించగలరని కోర్టు అనుకోదు. డబ్బు ఎవరి చేతిలో ఉంది, కౌలు ఎవరు వసూలు చేసేవారు, మీకు లెక్క ఎప్పుడైనా చూపారా, దస్తావేజు మీకు చదివి వినిపించారా, రిజిస్ట్రారు ఆఫీసుకు ఎవరి బండిలో వెళ్ళారు, మీ తరఫున ఎవరైనా ఉన్నారా. ఇవన్నీ చిన్న చిన్న వాక్యాలు. వీటికి ఏ పెద్ద ఇంగ్లీషు మాటా అక్కరలేదు. పాస్‌బుక్కు దగ్గర పెట్టుకుని తేదీలు వేయండి.

నాకు కొరుకుడు పడని మాట ఒకటి మిగిలింది. మీరు ఉత్తరంలో ఆ మాట వాడలేదు గానీ కథ అంతా అదే: మొహమాటం. వదిన పసుపు కుంకుమలు గుమ్మంలో పెట్టినప్పుడు కాదనలేకపోయారు. బెదిరింపు లేదు, అబద్ధం లేదు, అధికారం కూడా లేదు. ఎదుటి ముఖం చూసి మన ముఖం చెల్లకపోవడం ఉంది. దీనికి ఇంగ్లీషులో ఒక్క మాట ఇవ్వలేను. ‘గిల్ట్’ అంటే తప్పు చేశానన్న బాధ. మీరు ఏ తప్పూ చేయలేదు. ‘ఎంబరాస్’ అంటే సిగ్గు, అదీ కాదు. అందుకని పేరు పెట్టకుండా ప్రవర్తన రాయండి: చీర తెచ్చారు, వద్దనలేకపోయాను, తీసుకున్నాక కాదనడం ఇంకా కష్టమైంది. ఇంగ్లీషులో ‘ఐ ఫెల్ట్ అనేబుల్ టు రిఫ్యూజ్’ అన్న సాదా మాటలు చాలు. చట్టం దృష్టిలో మొహమాటం ఒక్కటే సంతకాన్ని కొట్టివేయదు, ఆ సంగతి మీకు దాచను. మిగతా వివరాలతో కలిసినప్పుడు దానికి విలువ వస్తుంది.

ఇంకొక మాట, ఇది భాషకు సంబంధించినది కాదు. ఇలాంటి పత్రాన్ని రద్దు చేయమని అడగడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం మూడేళ్ళు గడువు ఇస్తుంది. మీకు 14 నెలలు గడిచాయి. సరైన మాట కోసం వెతుకుతూ ఇంకో ఏడాది పోనివ్వకండి.

అమ్మ సంగతి. ‘కోయర్స్డ్’ అన్న క్రియకు అమ్మను కర్తగా పెట్టలేకపోతున్నారు. పెట్టనక్కరలేదు. మీరు రాసేది జరిగిన కథ, తీర్పు కాదు. ముందు అంతా తెలుగులో రాసుకోండి, మీకు వచ్చిన తెలుగులో, ఎవరికీ చూపించకుండా. అన్నయ్య దగ్గర ఏ మాట వచ్చిందో, అమ్మ దగ్గర ఏ మాట వచ్చిందో అప్పుడు మీకే కనబడుతుంది. తరువాత ఇంగ్లీషు చేయండి. అమ్మ అన్న ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఇంగ్లీషు చేయకండి. కొటేషను గుర్తుల మధ్య తెలుగు అక్షరాల్లోనే, ఆవిడ అన్నది అన్నట్టే ఉంచి, దాని కింద వరుసలో అర్థం ఇవ్వండి. కోర్టు కాగితాల్లో అలా ఇవ్వవచ్చు. ఆ వాక్యానికి ముందు ‘సెడ్’ అన్న మాట చాలు: అమ్మ అన్నది, అంతే. రెండు రోజులు అన్నం తినలేదని దాని పక్కన రాయండి. ఆ రెండు రోజులూ మీరు తిన్నారో లేదో, అది కూడా రాయండి.